పేరు లేకుండా పనిచేసినవాళ్ల రికార్డు: బ్యాడ్‌ల్యాండ్స్ మీద మీ ఉత్తరాలు

పోయిన నెల ఒక పాఠకుడు "హార్డ్ రాక్‌లో బాగా ఆడాల్సింది, ఆడలేదు అని మీకు ఇప్పటికీ మనసులో ఉండిపోయిన ఆల్బమ్ ఒక్కటి చెప్పండి, ఒక్కటే" అని అడిగారు. నేను జాగా లేక రెండు లైన్లలో "బ్యాడ్‌ల్యాండ్స్, 1989, బ్యాండ్ పేరూ అదే ఆల్బమ్ పేరూ అదే, అట్లాంటిక్ కంపెనీ వేసింది, వినండి" అని రాసి ఊరుకున్నాను. ఆ రెండు లైన్లకి వచ్చినన్ని ఉత్తరాలు పేజీలకి పేజీలు రాసినప్పుడు కూడా రాలేదండీ. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి జాగా మొత్తం దీనికే ఇచ్చేస్తున్నా.

బ్లాక్ సబ్బాత్ తెలుసు, ఓజీ తెలుసు, గన్స్ ఎన్ రోజెస్ అయితే కాలేజీ సంది వింటున్న. గీ బ్యాడ్‌ల్యాండ్స్ పేరు మాత్రం ఎన్నడూ ఇనలే. ఎవరు వీళ్లు? గంత మంచిగుంటే మరి ఎందుకు ఆడలే?
— ఒక పాఠకుడు, హనుమకొండ

మీకు ఓజీ తెలుసన్నారు కదా, అక్కణ్ణుంచే మొదలుపెడతా. 1982 మార్చిలో బ్లాక్ సబ్బాత్ మాజీ సింగర్ ఓజీ ఆస్బోర్న్ సొంత బ్యాండ్ గిటారిస్ట్ ర్యాండీ రోడ్స్ విమాన ప్రమాదంలో చనిపోయాడు, పాతికేళ్లే. ఆయన స్థానంలోకి రావడం అంటే ఎంత కష్టమో ఊహించండి, జనం ప్రతి నోటునీ పోల్చి చూస్తారు. ఆ కుర్చీలో స్థిరంగా కూర్చున్నవాడు జేక్ ఈ లీ. అమ్మది జపాన్, నాన్న అమెరికన్ నేవీ, పెరిగింది శాన్ డియేగోలో. 1983లో వచ్చిన బార్క్ ఎట్ ద మూన్, 1986లో వచ్చిన ది అల్టిమేట్ సిన్, ఈ రెండు ఆల్బమ్స్‌లో గిటార్ అంతా అతనే. రెండోది అమెరికా చార్టులో 6వ స్థానం దాకా వెళ్లింది. ఇక మొదటి దాని కవర్ తీసి చూడండి, పాటలన్నీ ఓజీ ఒక్కడే రాసినట్టు ఉంటుంది. ఆ ట్యూన్లలో తన చెయ్యి ఎంత ఉందో, పేరు ఎందుకు పడలేదో జేక్ తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. 1987లో ఓజీ బ్యాండ్ నుంచి అతన్ని తీసేశారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకోపక్క రే గిలెన్ అనే సింగర్‌కి బ్లాక్ సబ్బాత్‌లో ఇంకో రకంగా ఇదే జరిగింది. ఆ కథ కింద వేరే ఉత్తరానికి జవాబుగా రాస్తా, ఇక్కడ ఇరికిస్తే అన్యాయం అవుతుంది. సబ్బాత్‌లో రేతో కలిసి పనిచేసిన డ్రమ్మర్ ఎరిక్ సింగర్, బేస్ వాయించే గ్రెగ్ చైసన్, వీళ్లిద్దరూ కూడా జేక్‌తో, రేతో కలిస్తే నలుగురు, అదే బ్యాడ్‌ల్యాండ్స్. ప్రొడ్యూసర్ పాల్ ఓనీల్, తర్వాత ట్రాన్స్-సైబీరియన్ ఆర్కెస్ట్రాతో బాగా పేరొచ్చిన ఆయనే.

ఇప్పుడు ఎందుకు ఆడలేదో చెప్తా. 1989 అంటే హార్డ్ రాక్ డబ్బు మీద డబ్బు చేసుకుంటున్న సంవత్సరం, అట్లాంటిక్ దగ్గరే ఆ ఏడు స్కిడ్ రో మొదటి ఆల్బమ్ ఉంది, వైట్ లయన్ ఉంది, మిస్టర్ బిగ్ ఉంది. బయట మాట్లీ క్రూ డాక్టర్ ఫీల్‌గుడ్, ఏరోస్మిత్ పంప్. ఎంటీవీలో ఆడాలంటే జుట్టు ఇంత ఎత్తున ఉండాలి, కోరస్ రెండోసారికే నోటికి వచ్చెయ్యాలి, ఆల్బమ్‌లో ఒక ప్రేమ పాట అయినా లైటర్లు వెలిగించి ఊగేలా ఉండాలి. బ్యాడ్‌ల్యాండ్స్ వాళ్లు చూట్టానికి ఆ గుంపులోవాళ్లలాగే ఉన్నారు గానీ వాయించింది మాత్రం బ్లూస్. 1970 ప్రాంతంలో ఇంగ్లండ్ వాళ్లు వాయించినట్టు బరువుగా, కొంచెం మట్టి వాసనతో, పాట మధ్యలో ఊపిరి తీసుకునే ఖాళీలు వదిలి మరీ వాయించారు. ఓజీ అభిమాని బార్క్ ఎట్ ద మూన్ లాంటిది దొరుకుతుందని కొనుక్కెళ్లి ఇదేంటి ఇలా ఉంది అనుకున్నాడు, అసలు దీన్ని ప్రాణంగా వినాల్సిన బ్లూస్ రాక్ మనిషేమో కవర్ మీద ఫొటో చూసి ఇది మన సరుకు కాదని పక్కన పెట్టేశాడు. నా లెక్కలో అన్నిటికన్నా పెద్ద దెబ్బ అదే, తప్పు దుకాణంలో పెట్టిన మంచి సరుకు.

ఏడాది కూడా కాకముందే, 1990 ఫిబ్రవరిలో బ్లాక్ క్రోస్ అనే అట్లాంటా బ్యాండ్ మొదటి ఆల్బమ్ వేసింది, అదీ పాత బ్లూస్ రాకే, అది లక్షలకి లక్షలు అమ్ముడుపోయింది. అంటే ఆ రకం పాటకి జనం లేరని కాదు, ఉన్నారు. వాళ్ల చేతికి ఇది అందలేదు.

ఇంకోటి, బ్యాండ్ కుదురుగా లేదు. ఎరిక్ సింగర్ ఆలిస్ కూపర్ దగ్గరికి, ఆ తర్వాత కిస్‌కి వెళ్లిపోయాడు, రెండో ఆల్బమ్ 1991లో గానీ రాలేదు, అదే ఏడు సెప్టెంబర్‌లో నిర్వానా నెవర్‌మైండ్ వచ్చింది, ఆ తర్వాత అమెరికాలో జనం ఆ కొత్త రకం రాక్ వైపు వెళ్లిపోయి పాత హార్డ్ రాక్ వాళ్ల పని అయిపోయింది.

మీ మాట మీద గౌరవం ఉంది కానీ రెండు అభ్యంతరాలు. ఒకటి, అమెరికా బిల్‌బోర్డ్ చార్టులో 57వ స్థానం వచ్చిన ఆల్బమ్‌ని పట్టించుకోలేదు అనడం ఏమిటి, ఎన్ని బ్యాండ్లకి ఆ అదృష్టం ఉంది? రెండు, నేను విన్నాను, అది శుద్ధ లెడ్ జెప్పెలిన్ అనుకరణ. 70ల నుంచీ వింటున్నవాణ్ణి, నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.
— రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం

మాస్టారూ, మీరు విని మరీ రాశారు, అందుకే ఈ ఉత్తరం నాకు చాలా నచ్చింది.

57 అనేది చిన్న విషయం కాదు, నిజమే, ఒప్పుకుంటా. కానీ ఎవరితో పోల్చి చూడాలి? జేక్ దానికి మూడేళ్ల ముందు వాయించిన ఆల్బమ్ 6కి వెళ్లింది, అదే కంపెనీ అదే ఏడు వేసిన స్కిడ్ రో కూడా 6కి వెళ్లింది, అక్కణ్ణుంచి చూస్తే 57 ఎక్కడుంది? ఆపైన రెండో ఆల్బమ్ 140 దగ్గర ఆగిపోయింది, మూడోది కంపెనీ వెయ్యనే లేదు. తర్వాత ఏళ్ల తరబడి కొత్త ముద్రణ లేక పాత సీడీలు చేతులు మారుతూ తిరిగాయి. నా బాధ ఆ అంకె మీద కాదండీ, ఆ తర్వాత జరిగిన ఈ మరుపు మీద. స్కిడ్ రో పేరు మీ మనవడికి కూడా తెలిసుంటుంది.

ఇక జెప్పెలిన్ సంగతి. ఈ మాట అప్పుడే వచ్చింది, రావడానికి కారణం కూడా ఉంది. 1988లో కింగ్‌డమ్ కమ్ అనే బ్యాండ్ జెప్పెలిన్‌లాగే వినిపించే పాటలతో 12వ స్థానం దాకా వెళ్లింది, వెళ్లాక అందరూ కాపీ కాపీ అని ఎగతాళి చేశారు, ఆ వెంటనే వచ్చిన ప్రతి బ్లూస్ బ్యాండ్‌నీ అదే కళ్లద్దాలతో చూశారు. బ్యాడ్‌ల్యాండ్స్‌కి ఆ బురద అంటుకుంది. వింటర్స్ కాల్‌లో మెల్లగా మొదలై బరువెక్కే తీరు, గొంతు పైకి లేచే తీరు, అక్కడ జెప్పెలిన్ నీడ ఉంది, కాదనను. కానీ మీరు రంబ్లిన్ ట్రైన్ ఇంకోసారి వినండి, అందులో రే గొంతు జెప్పెలిన్ సింగర్ రాబర్ట్ ప్లాంట్ వైపు వెళ్లదు, ఫ్రీ బ్యాండ్‌లో పాల్ రాడ్జర్స్ పాడినట్టు గుండెల్లోంచి, కింద స్థాయిలోంచి వస్తుంది. డెవిల్స్ స్టాంప్ వినండి, అక్కడ జేక్ వాయించేదాంట్లో సబ్బాత్ బరువు ఉంది, జెప్పెలిన్ కనపడదు.

అయినా మాస్టారూ, జెప్పెలిన్ వాళ్లు మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారు? హోల్ లాటా లవ్ పాట మీద బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో కేసు వేస్తే 1987లో రాజీ చేసుకున్నారు కదా, ఆ తర్వాతే ఆయన పేరు ఆ పాటకి చేరింది. బ్లూస్ అంటే మన రాగం లాంటిదని నేను అనుకుంటా. కల్యాణి ఇద్దరు పాడితే రెండోవాళ్లు మొదటివాళ్లని కాపీ కొట్టారు అనం కదా, ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎక్కడ జారారు, ఏ స్వరం మీద మనసు పెట్టారు అని వింటాం. ఈ నలుగుర్నీ అలా ఒక్కసారి వినండి, అప్పటికీ మీ మాట మారకపోతే ఇంకో ఉత్తరం రాయండి, తప్పకుండా వేస్తా.

మీరు చెప్పారని ఆఫీసుకి వెళ్తూ కార్లో విన్నాను. గిటార్ గురించి నాకు పెద్దగా తెలీదు కానీ ఆ గొంతు... సీజన్స్ పాట వచ్చేసరికి పార్కింగ్‌లో కారు ఆపేసి అలాగే కూర్చుండిపోయాను. ఆ సింగర్ ఎవరు? ఇప్పుడు ఎక్కడ పాడుతున్నాడు? ఆయన ప్రోగ్రాం ఉంటే వెళ్లి చూడాలని ఉంది.
— ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

అమ్మా, మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. ఆయన లేడు. రే గిలెన్ 1993 డిసెంబర్‌లో ఎయిడ్స్ వల్ల వచ్చిన అనారోగ్యంతో పోయాడు, 34 ఏళ్లు. ఇంకో సంగతి మీకు చెప్పాలి, అతను మీ న్యూజెర్సీలో పెరిగినవాడే.

ఈ ఆల్బమ్ గురించి నాకు ఇంత పట్టుదల ఎందుకో మీకు అర్థం కావాలంటే ఆయన కథ కాస్త వినాలి. 1986లో బ్లాక్ సబ్బాత్ సెవెంత్ స్టార్ టూర్ మొదలైన కొద్ది రోజులకే వాళ్ల సింగర్ గ్లెన్ హ్యూస్ పాడలేని పరిస్థితి వస్తే, అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియని ఈ కుర్రాణ్ణి తెచ్చి స్టేజి మీద నిలబెట్టారు. ఓజీ పాడిన పాటలు, రానీ జేమ్స్ డియో పాడిన పాటలు, హ్యూస్ పాడిన పాటలు, అన్నీ ఒక్కడే పాడాలి, ముగ్గురివీ మూడు రకాల గొంతులు. పాడాడు. ఆ టూర్ అయ్యాక ది ఎటర్నల్ ఐడల్ ఆల్బమ్‌కి స్టూడియోలో కూడా పాడాడు. ఆల్బమ్ బయటికి రాకముందే బ్యాండ్ నుంచి వెళ్లిపోయాడు. అప్పుడు టోనీ మార్టిన్ అనే సింగర్‌ని తీసుకొచ్చి, రే పాడిన ట్యూన్ల మీదే మళ్లీ మొత్తం పాడించి 1987లో విడుదల చేశారు. టోనీ మార్టిన్ బాగా పాడాడు, ఆయన్ని నేను ఒక్క మాట అనను, చాలా కష్టమైన పని అది. కానీ రే గొంతు ఆ ఆల్బమ్‌లో మిగిలింది ఎంతో తెలుసా? నైట్‌మేర్ అనే పాటలో ఒక నవ్వు. అంతే. పాట మొత్తం వేరేవాళ్లది అయిపోయి నవ్వు ఒక్కటి ఈయనది ఉండిపోయింది. 2010లో ఆ ఆల్బమ్‌ని రెండు డిస్కులుగా మళ్లీ వేసినప్పుడు రెండో దాంట్లో రే పాడిన పాటలు పెట్టారు, అప్పటికి ఆయన పోయి పదహారేళ్లు దాటింది.

మధ్యలో గిటారిస్ట్ జాన్ సైక్స్ మొదలుపెట్టిన బ్లూ మర్డర్‌లో కొన్నాళ్లు ఉన్నాడు, అక్కడా ఆల్బమ్ దాకా రాలేదు, చివరికి దాంట్లో సైక్స్ తానే పాడుకున్నాడు. ఫెనామినా అనే ప్రాజెక్టులో కొన్ని పాటలు పాడాడు. అలా ఎక్కడికి వెళ్లినా కాసేపు ఉండి వచ్చెయ్యడమే.

ఇప్పుడు జేక్‌నీ రేనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకడి వాయింపు అందరూ విన్నారు కానీ బార్క్ ఎట్ ద మూన్ పాటల కింద పేరు లేదు, ఇంకొకడు ఆల్బమ్ మొత్తం పాడితే గొంతే చెరిపేశారు. అలాంటి ఇద్దరు కలిసి మొదటిసారి మా పాట, మా పేరు, మా గొంతు అని వేసుకున్న రికార్డు ఇది. హై వైర్ మొదలవ్వగానే ఆ రిఫ్ (గిటార్‌లో పదేపదే వచ్చే వరస) మీదికి రే దూకుతాడు చూడండి, చాలా రోజులు నోరు కట్టేసి ఉంచిన మనిషికి ఒక్కసారి మాట్లాడమంటే ఎలా మాట్లాడతాడో అలా ఉంటుంది. నాకు ప్రతిసారీ అలాగే అనిపిస్తుంది. మీకు నచ్చిన సీజన్స్ దానికి పూర్తిగా ఇంకో చివర, ఆరు నిమిషాలకి పైనే ఉంటుంది, తొందర లేదు. మొదట్లో గొంతుని బాగా అణిచి, దాదాపు మాట్లాడినట్టే పాడి, పోనుపోను ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. అప్పట్లో ప్రేమ పాట అంటే మొదటి నిమిషంలోనే అరిచి ఏడిపించెయ్యాలి, రేడియోకి నాలుగు నిమిషాలు దాటకూడదు. ఈ పాట ఆ కొలతకి సరిపోదు, బహుశా అందుకే మీరు పార్కింగ్‌లో కూర్చుండిపోయారు.

నేను కూడా దీన్ని పేరు తెలీకుండానే విన్నా. హాస్టల్లో ఒక సీనియర్ దగ్గర రికార్డు చేసిన కాసెట్ ఉండేది, దాని మీద బాల్ పెన్నుతో "హార్డ్ రాక్" అని తప్ప ఏమీ రాసి లేదు. ఒక పక్క వేరే ఎవరివో పాటలు, ఇంకో పక్క ఈ ఆల్బమ్ మొదటి సగం. ఎవరు పాడారో మా ఫ్లోర్‌లో ఒక్కడికీ తెలీదు. మూడేళ్లు అలాగే విన్నాం, వార్డెన్ వచ్చి అరిచేదాకా వింటర్స్ కాల్ పెట్టుకునేవాళ్లం, వైట్‌స్నేక్ బ్యాండ్ అని ఒకడు, కాదు అని ఒకడు పందేలు కూడా కాశారు. ఉద్యోగంలో చేరిన చాలా రోజులకి ఒక స్నేహితుడింట్లో సీడీ కనపడితే ఊరికే పెట్టి చూశా, హై వైర్ మొదటి నాలుగు సెకన్లకే ఒళ్లు జలదరించింది. ఆ రోజే రెండో సగం ఉందని తెలిసింది, కవర్ వెనక నాలుగు పేర్లు చదివా, ఆ రోజే రే పోయాడని కూడా తెలిసింది. మీకు కారులో జరిగినట్టే నాకూ ఒకేసారి రెండూ జరిగాయి అమ్మా.

ఆయన గొంతు ఇంకా వినాలంటే గిటారిస్ట్ జార్జ్ లించ్ 1993లో వేసిన సేక్రెడ్ గ్రూవ్ ఆల్బమ్‌లో ఫ్లెష్ అండ్ బ్లడ్ అనే పాట ఉంది, వెతకండి.

గిటార్ నేర్చుకుంటున్నా, రెండేళ్లయింది. జేక్ ఈ లీ ప్రత్యేకత ఏంటి సార్? స్పీడా? నేనేం నేర్చుకోవాలి అతని దగ్గర?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

స్పీడు ఉంది, బార్క్ ఎట్ ద మూన్ సోలో వాయించినవాళ్లకి తెలుస్తుంది, కానీ అతని దగ్గర చూడాల్సింది అది కాదు. మొదటి విషయం, అతను ట్రెమొలో బార్ వాడడు. 80ల్లో ప్రతివాడూ ఆ కడ్డీ పట్టుకుని తీగల్ని పాతాళానికి దింపి పైకి లేపుతుంటే ఇతని గిటార్‌కి అది లేదు. ఆ శబ్దం కావాలంటే మెడ చివర నట్ ఉంటుంది కదా, దాని వెనకాల తీగని వేలితో నొక్కి సాగదీస్తాడు. కష్టం, వేలు కోసుకుపోతుంది, కానీ వచ్చే శబ్దం మనిషి మూలిగినట్టు ఉంటుంది.

రెండోది, రిఫ్ వాయించేటప్పుడు అందరిలాగా రెండు తీగల పవర్ కార్డ్ కొట్టి వదిలెయ్యడు, వేళ్లు బాగా చాపి ఎవరూ అనుకోని కార్డులు పట్టుకుంటాడు, వాటి మధ్యలో చిన్న చిన్న మెలడీ ముక్కలు పెడతాడు. డ్రీమ్స్ ఇన్ ద డార్క్ రిథమ్ గిటార్ ఒక్కటే చెవి పెట్టి వినండి, సోలో వచ్చేదాకా ఆగక్కర్లేదు. మూడోది, నా దృష్టిలో ముఖ్యమైనది, పాడేవాడికి జాగా వదలడం. రంబ్లిన్ ట్రైన్‌లో రే ఒక లైను పాడతాడు, జేక్ దానికి జవాబు చెప్తాడు, మళ్లీ ఆగిపోతాడు. మన కచేరీలో గాయకుడి సంగతిని వయొలిన్ అందుకున్నట్టే. అక్కడ నాలుగు నోట్లే ఉంటాయి, నలభై వాయించగలిగినవాడు నాలుగే వాయించాడు. జేడ్స్ సాంగ్ అని చిన్న అకూస్టిక్ ముక్క ఉంది, పాటకి పాట కాదు, వింటర్స్ కాల్‌కి ముందు ఆలాపన లాంటిది, ముందు అది నేర్చుకోండి. చేతికి ఓపిక వస్తుంది.

జేక్‌ని ఎవరో కాల్చారని చదివాను. బతికే ఉన్నాడా?
— గుంటూరు

ఉన్నాడు. 2024 అక్టోబర్‌లో లాస్ వేగాస్‌లో రాత్రిపూట కుక్కని తిప్పుతుంటే కాల్చారు, చాలా తూటాలు తగిలాయి, కోలుకున్నాడు. 2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ స్టేడియంలో ఓజీ ఆఖరి ప్రోగ్రాం జరిగితే అక్కడికి వచ్చి వాయించాడు కూడా, ది అల్టిమేట్ సిన్, షాట్ ఇన్ ద డార్క్. తీసేసిన 38 ఏళ్ల తర్వాత అదే మనిషి కోసం, అదే పాటలు. ఓజీ ఆ నెలలోనే, 22న పోయాడు. ఆ వీడియోలో జేక్ మొహం చూశాను, తూటాలు తిన్న తొమ్మిది నెలలకి అంత ప్రశాంతంగా నిలబడి వాయిస్తున్నాడు, చాలా సంతోషం వేసింది.

తర్వాతి రెండు ఆల్బమ్స్ కొనొచ్చా?
— నెల్లూరు

1991 ది వూడూ హైవే, కొనండి. జేక్ తనే ప్రొడ్యూస్ చేశాడు, డ్రమ్స్ జెఫ్ మార్టిన్, శబ్దం ఇంకా మోటుగా, పొడిగా ఉంటుంది, జేమ్స్ టేలర్ ఫైర్ అండ్ రెయిన్ పాటని వాళ్ల పద్ధతిలో పాడారు. కొందరికి మొదటి దానికంటే ఇదే ఇష్టం, నాకు కాదు, పాటలు కొంచెం పలచబడ్డాయి. ఆ తర్వాత జేక్‌కీ రేకీ బాగా చెడింది, 1992లో ఇంగ్లండ్ టూర్‌లో గొడవ అందరి ముందుకీ వచ్చింది, రే స్థానంలో జాన్ వెస్ట్ వచ్చాడు, కంపెనీ వదిలేసింది. మూడో ఆల్బమ్ కోసం రే ఉండగా చేసిన రికార్డింగులే డస్క్ పేరుతో 1998లో వచ్చాయి. అది పూర్తి చెయ్యని పని, అలాగే వినాలి.

ఇలాంటివే ఇంకో రెండు చెప్పండి.
— చెన్నై నుంచి ఒకరు, రాజమండ్రి నుంచి ఒకరు, సిద్దిపేట నుంచి ఒకరు

ముగ్గురికీ ఒకటే జవాబు. కింగ్స్ ఎక్స్ వాళ్ల గ్రెచెన్ గోస్ టు నెబ్రాస్కా, అదీ 1989దే. హ్యూస్టన్ ముగ్గురు, బరువైన గిటార్ మీద చర్చి కోరస్‌లాంటి గొంతులు, సాటి సంగీతకారులంతా నెత్తిన పెట్టుకున్నారు గానీ అమ్మకాలు లేవు. రెండోది కెప్టెన్ బియాండ్ 1972లో వేసిన మొదటి ఆల్బమ్. డీప్ పర్పుల్ మొదటి సింగర్ రాడ్ ఎవాన్స్, ఐరన్ బటర్‌ఫ్లై నుంచి ఇద్దరు, డ్రమ్స్ బాబీ కాల్డ్‌వెల్. పాటలు ఒకదాంట్లోంచి ఒకటి ఆగకుండా పారతాయి. వేసింది సదరన్ రాక్‌కి పేరున్న కాప్రికార్న్ కంపెనీ, మళ్లీ అదే తప్పు దుకాణం కథ. దాని గురించి ఒక నెల విడిగా రాస్తా.

అన్నా, నేను బీటెక్ రెండో సంవత్సరం. ఇంగ్లిష్ పాటలు తక్కువే విన్నా, హార్డ్ రాక్ అంటే అరుపులే అనుకునేవాణ్ణి. ఈ ఆల్బమ్ ఏ పాటతో మొదలుపెట్టాలి? మొత్తం ఒకేసారి వినాలా?
— తిరుపతి

తమ్ముడూ, మొదటి రోజు డ్రీమ్స్ ఇన్ ద డార్క్ ఒక్కటే విను, రెండు మూడుసార్లు. అది వాళ్లు వీడియో తీసిన పాట, తేలిగ్గా పట్టుకుంటుంది, అరుపులు కాదని నీకే తెలుస్తుంది. మర్నాడు జేడ్స్ సాంగ్, వింటర్స్ కాల్ రెండూ కలిపి విను, మధ్యలో ఆపకు, అవి ఒకటే పాట అనుకో. ఆ తర్వాత స్ట్రీట్స్ క్రై ఫ్రీడమ్, అది మెల్లగా మొదలై ఉన్నట్టుండి పరుగు అందుకుంటుంది, ఎక్కడ మారిందో చెవికి దొరికేదాకా విను. ఇవి ఎక్కాక అప్పుడు హై వైర్ నుంచి వరసగా మొత్తం. సీడీ అయితే చివర్లో బాల్ అండ్ చైన్ అని ఇంకో పాట ఉంటుంది. సీజన్స్ అయ్యాక కాసేపు ఆపి, అప్పుడు పెట్టుకో. ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు, గ్రెగ్ చైసన్ బేస్ అసలు వినపడదు, మీ రూమ్‌లో ఎవరి దగ్గరైనా మంచి ఇయర్‌ఫోన్స్ ఉంటే ఓ గంట అడిగి తీసుకో. రంబ్లిన్ ట్రైన్ రాత్రి అందరూ పడుకున్నాక. విన్నాక ఏ పాట నచ్చిందో రాయి, నచ్చకపోతే అది కూడా రాయి.